నాలుగు కౌంట్లు గాల్లో

గుండు గాల్లోకి లేచాడు. లేచినవాడు దిగలేదు.

రిహార్సల్ హాల్లో తెల్లగోడ మీద పడుతున్న ప్రొజెక్టర్ బొమ్మని పన్నెండు మంది డాన్సర్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. గుండు అంటే మనిషి కాదు, కంప్యూటర్ బొమ్మ. నున్నటి తల, గొట్టాల్లాంటి కాళ్లూ చేతులూ, మొహాన కళ్లు కూడా లేవు. అయినా ముప్ఫై తొమ్మిది పేజీల నాట్యాన్ని ఒక్క తప్పటడుగు లేకుండా ఆడి చూపించాడు. నలభయ్యో పేజీ చివరి వరసకి వచ్చేసరికి రెండు పాదాలూ నేల మీంచి లేపి, చేతులు చాచి, అక్కడే ఉండిపోయాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఆ తర్వాత పేజీలు లేవు కాబట్టి పాపం గుండుకి దిగే దారి లేదు.

"ఫ్యాన్ ఆపండ్రా, తలకి తగులుతుంది!" అన్నారెవరో. హాలంతా గొల్లుమంది.

నవ్వనిది ఇద్దరే. ఒకరు ట్రూపు నడిపే మేడమ్. రెండో మనిషి పెన్సిల్.

జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి ఆమెకి ఆ పేరు. ట్రూపులో ఆమె పని ఆడటం కాదు, ఆడినదాన్ని రాయడం. పాటకి స్వరాలు రాసుకున్నట్టే ఆటకీ ఒక రాత ఉంది. పేజీ మధ్యలో నిలువు గీత. దానికి ఇటు ఎడమ కాలు, అటు కుడి కాలు, ఆ పక్కన చేతులు, తల. కింది నుంచి పైకి చదువుకుంటూ పోవాలి. గుర్తు ఎంత పొడుగుంటే ఆ కదలిక అంతసేపు. ఇందులో కొత్తవాళ్లందరూ పప్పులో కాలేసే చోటు ఒకటుంది. పాదాల గడిలో ఏమీ రాయకపోతే ఊరికే నిలబడ్డట్టు కాదు, గాల్లోకి ఎగిరినట్టు. నిలబడాలంటే నిలబడమని అక్కడ ఒక చిన్న సున్నా చుట్టాలి.

ఆ రాత ఉన్న పాత నోట్‌బుక్కుల్ని స్కాన్ చేసి, తనే చదువుకుని, గుండు చేత ఆడించే సాఫ్ట్‌వేర్ రాసిన కుర్రాడు ప్రొజెక్టర్ పక్కన నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులు రెండిట్లో ఒకటి మడిచాడు, ఇంకోటి మడవడం మర్చిపోయాడు. ట్రూపుకి రావడం ఇదే మొదటిసారి. పెన్సిల్ అతన్ని చూడటమూ ఇదే మొదటిసారి.

"బుక్కులో ఎలా ఉందో అలాగే ఆడాడు మేడమ్," అన్నాడతను. "చివరి నాలుగు కౌంట్లకి పాదాల గడి ఖాళీగా ఉంది. ఎవరో పెద్దాయన, సున్నా చుట్టడం మర్చిపోయుంటారు."

"ఆయన మర్చిపోరు," అంది పెన్సిల్.

"అందరూ మర్చిపోతారండీ. మనుషులన్నాక..."

"మీ చొక్కా చెయ్యి చూస్తే తెలుస్తోంది. కానీ ఆయన మర్చిపోరు."

అతను చొక్కా చెయ్యి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "పోనీ ఒక పని చేద్దాం. ఆ సున్నా ఏదో నేనే పెట్టేస్తాను. రెండు సెకన్ల పని. నచ్చకపోతే అన్‌డూ చేసేద్దాం."

"నలభై మూడేళ్ల కింద రాసిన రాతలో మీరు సున్నా పెడతారా?"

"అన్‌డూ ఉందిగా!"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు మీ సాఫ్ట్‌వేర్‌కి చదవడం రాక బుక్కు తప్పంటున్నారు. రాసింది ఎవరో తెలుసా? మా తాతయ్య."

హాల్లో నవ్వులు టక్కున ఆగిపోయాయి. అతను తేలు కుట్టిన దొంగలా లాప్‌టాప్ మూత మూశాడు.

మేడమ్ కుర్చీలోంచి లేచింది. గొంతు పెంచి మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు. అందుకే అందరూ చెవులు రిక్కించి వింటారు. "ఇవాళ మంగళవారం. శుక్రవారం సాయంత్రం దాకా చూస్తాను. ఈ ముగింపు నిజంగా ఆడగలిగేదని ఎవరైనా చూపిస్తే సరే. లేకపోతే ముగింపు నేనే కొత్తగా కంపోజ్ చేసుకుంటా."

"మరి మిగతా నోట్‌బుక్కులు మేడమ్?" అంది పెన్సిల్.

"మొదటి పుస్తకంలోనే తప్పు దొరికితే మిగతా రెండొందల పన్నెండింటిని ఏ నమ్మకంతో పిల్లలకి నేర్పమంటావు? స్టోర్‌రూమ్ ఎలాగూ ఖాళీ చెయ్యాలి. మీ ఇంటికి పంపించేస్తాను."

మేడమ్ కోపంగా అనలేదు. అందుకే ఆ మాట పెన్సిల్‌కి మరీ గుచ్చుకుంది. తాతయ్య ముప్ఫై ఏళ్లు ఈ హాల్లో, ఆ మూల స్టూలు మీద కూర్చుని రాసిన పుస్తకాలవి. వాటిని అట్టపెట్టెల్లో సర్ది ఇంటికి తీసుకెళ్లి, ఆయన ఎదురుగా దించాలా?

*

సాయంత్రం ఇంటికి వెళ్లగానే తాతయ్యకి స్టోర్‌రూమ్ సంగతి చెప్పలేదు. వాన గురించి మాట్లాడినట్టు మామూలుగా అడిగింది.

"తాతయ్యా, ఆ నలభై పేజీల నాట్యం ఉంది చూడు, చివర్లో పాదాల గడి ఎందుకు ఖాళీగా వదిలేశావు?"

కిటికీ దగ్గర పేపరు చదువుతున్న ఆయన తల ఎత్తలేదు. "రాసింది రాసినట్టు ఆడితే చాలు."

"రాసినట్టు ఆడితే మనిషి గాల్లో ఉండిపోతున్నాడు."

"ఉంటే ఉండనీ."

జన్మలో మొదటిసారి తాతయ్య ఆమె కళ్లలోకి చూడకుండా మాట్లాడాడు. అమ్మమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటూ ఎందుకో తనలో తనే నవ్వుకుంది. ఆ నవ్వు పెన్సిల్ చూసింది కానీ, బుర్ర నిండా కోపం ఉన్న మనిషికి నవ్వులు ఎక్కడ అర్థమవుతాయి! తాతయ్య నిజంగానే మర్చిపోయాడేమో అన్న అనుమానం పురుగులా దూరి, ఆమెకి అన్నం సయించలేదు.

*

బుధవారం పొద్దున్నే అతని ఆఫీసుకి వెళ్లింది. ఆఫీసంటే పెద్ద ఆఫీసేం కాదు. టైలర్ షాపు మీద ఒక గది, మూడు టేబుళ్లు, కింద కుట్టుమిషన్ల చప్పుడు. గోడ నిండా గుండు బొమ్మలే. కుడికాలు వంచిన గుండు, వెల్లకిలా పడ్డ గుండు, రెండు ఎడమకాళ్లున్న గుండు.

"ఆ రెండు ఎడమకాళ్లవాడు మీరేనా?" అంది గుమ్మంలోంచే.

అతను ఉలిక్కిపడి లేచాడు. ఇవాళ చొక్కా చేతులు రెండూ మడిచి ఉన్నాయి. అది ఆమె గమనించింది. ఆమె గమనించిందని అతనూ గమనించాడు.

"నిన్న అలా అనకుండా ఉండాల్సింది. సారీ అండీ. మీ తాతగారని తెలీదు."

"తెలిస్తే అనేవాళ్లు కాదా? అంటే మొహమాటానికి మానేసేవాళ్లే కానీ మనసులో మాత్రం తప్పు ఆయనదే అంటారు."

"నేను మీతో గెలవలేనని మాత్రం మనసులో అనుకుంటున్నా."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది. "మా తాతయ్య నోట్‌బుక్ నాకివ్వండి. స్క్రీన్ మీద కాదు, అసలుది చూడాలి."

"మా బాస్ బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకుని ఊరెళ్లారు. రేపు మధ్యాహ్నం వస్తారు. అంత పాత కాగితం కదా, ఆయనకి ప్రాణం. స్కాన్ మాత్రం ఇదిగో, క్లీన్‌గా ఉంది." స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. "వేలిముద్రలు, టీ మరకలు, మార్జిన్లో చెత్త, అన్నీ కత్తిరించేసి అసలు రాత మాత్రమే ఉంచుతుంది నా క్లీనర్. ముద్దొచ్చేలా లేదూ?"

నిజమే, తెల్లగా కడిగిన ముత్యంలా ఉంది పేజీ. చివరి నాలుగు కౌంట్లకి పాదాల గడి కూడా అంతే తెల్లగా ఉంది.

"సంగీతం ప్రకారం నాలుగు కౌంట్లంటే రెండున్నర సెకన్లు," అన్నాడతను. "మనిషి ఎగిరితే ఎంతసేపు గాల్లో ఉండగలడు?"

"మీ కంప్యూటర్‌ని అడగండి."

"అడిగాను. అర సెకను అంది. నమ్మబుద్ధి కాలేదు. మీరొకసారి ఎగురుతారా, టైమ్ చూస్తాను?"

పెన్సిల్ బ్యాగు కింద పెట్టి ఎగిరింది. ఫోను చూసి "సున్నా పాయింట్ నాలుగు ఎనిమిది" అన్నాడు. మళ్లీ ఎగిరింది. "పాయింట్ ఐదు! వృద్ధిలోకి వస్తున్నారు." మూడోసారి కసిగా ఎగిరింది. కింద కుట్టుమిషన్లు ఆగిపోయాయి. "పైన ఏం కూలుతోందయ్యా?" అని టైలర్ కేకేశాడు.

"ఇప్పుడు మీరు ఎగరండి," అంది ఆయాసపడుతూ.

"నేనా? నేను లిఫ్ట్ ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి."

"ఎగరాల్సిందే."

అతను ఎగిరాడు. సీలింగుకి వేలాడుతున్న లైటు డొప్ప నెత్తికి ఠంగుమని తగిలి, దిగేటప్పుడు చెత్తబుట్టలో కాలు పెట్టాడు. ఆ బుట్టతోనే రెండు అడుగులు కుంటి, "ఎంత వచ్చింది?" అని అడిగాడు. పెన్సిల్ ఫోను చూడనే లేదు. పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడి నవ్వుతోంది. ముడిలో పెన్సిల్ జారి కింద పడింది. అతను వంగి తీసి అందించాడు. వేళ్లు తగిలాయి. ఆ పెన్సిల్‌ని ఇద్దరూ అర సెకను పాటు అలాగే పట్టుకున్నారు.

"నేను మీకో పేరు పెట్టాను," అంది తేరుకుని. "అన్‌డూ."

"బాగుంది. నచ్చకపోతే..."

"నచ్చకపోయినా మారదు."

మెట్లు దిగుతుంటే ఆమెకి కాళ్లు నేల మీద ఆనడం లేదు. వీధి మలుపు దాటాక గుర్తొచ్చింది, తను వచ్చింది పోట్లాడటానికని.

*

గురువారం సాయంత్రం వాన కుండపోతగా పడుతోంది. కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే అన్‌డూ. తల మీంచి నీళ్లు ధారలు కడుతున్నాయి. గొడుగు ఉంది, కానీ అది తల మీద లేదు. ఒక చేత్తో ఛాతీకి అదుముకుని ఉన్న ప్లాస్టిక్ సంచీకి పట్టాడు.

"తడవలేదు," అన్నాడు గర్వంగా.

"మీరా?"

"నోట్‌బుక్."

అమ్మమ్మ టవలు తెచ్చిచ్చి, వేడివేడి టీ ఇచ్చి, అతన్ని పైనుంచి కిందిదాకా ఓసారి చూసింది. "తనకంటే పుస్తకానికే గొడుగు పట్టాడే! ఇలాంటివాడిని నేను ఇంకొకణ్ణే చూశాను," అంది తాతయ్య వైపు తిరిగి. తాతయ్య పేపరు ఇంకా పైకి పట్టుకున్నాడు.

భోజనాల బల్ల మీద నోట్‌బుక్ తెరిచారు. నలభయ్యో పేజీ. పెన్సిల్ భూతద్దం పట్టుకుని కింది వరస నుంచి పైకి వెళ్లింది. చివరి నాలుగు కౌంట్లు. పాదాల గడి ఖాళీ. అంటే తాతయ్య నిజంగానే...

"ఆగండి," అన్నాడు అన్‌డూ. "ఇది నా స్క్రీన్ మీద లేదు."

అతని వేలు మార్జిన్ దగ్గర ఆగింది. నడుము గడి దగ్గర మొదలై, పేజీ అంచు దాకా వెళ్లిన సన్నటి వంపు గీత, వంచిన విల్లులా ఉంది.

పెన్సిల్ భూతద్దం అటు జరిపింది. "ఇది... ఒక మనిషిని ఇంకో మనిషి మోస్తున్నారని గుర్తు! ఇటు కొస ఎవరిని ఎత్తారో వాళ్లది. అటు కొస ఎత్తినవాళ్లది."

"అటు కొస కాగితం అంచులోకి పోయింది. అక్కడెవరూ లేరు."

"ఎగరలేదు! ఆడే మనిషి ఎగరలేదు, ఎవరో ఎత్తారు!" పెన్సిల్ కుర్చీ తోసుకుని లేచి నిలబడింది. "రెండున్నర సెకన్లేం ఖర్మ, పది సెకన్లైనా ఉండొచ్చు!"

"మార్జిన్," అన్నాడతను, తల పట్టుకుని. "మరక అనుకుని నా క్లీనర్ కత్తిరించేసింది. తప్పు మీ తాతగారిది కాదు. నాది. రేపు అందరి ముందూ చెప్తాను."

నీళ్లు నమలకుండా, సాకులు వెతక్కుండా అనేశాడు. పెన్సిల్ అతనికేసి చూసింది. నిన్న ఆఫీసులో మొదలైన అలజడి ఏదో ఇవాళ పూర్తిగా కూర్చుంది మనసులో. ఇక లేచేలా లేదు.

"కానీ ఎత్తింది ఎవరు తాతయ్యా? అతని గడి ఎందుకు రాయలేదు?"

తాతయ్య పేపరు మడిచాడు. మళ్లీ విప్పాడు. అమ్మమ్మ ఇక ఆగలేకపోయింది.

"ఆయన చెప్పరు, నేను చెప్తా విను. ఆ నాట్యం ఆడింది నేను. చివర్లో తాడు కట్టి నన్ను పైకి లాగాలి. మొదటి షో పొద్దున తాడు తెగింది. ఆడేవాళ్లందరూ తలో దిక్కూ పరుగులు. తెర పక్కన స్టూలు మీద కూర్చుని రాసుకుంటున్న ఈ మహానుభావుడు నల్లచొక్కా వేసుకొచ్చి, నల్ల తెర ముందు నా వెనకాల నిలబడి, చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తేశారు. జనానికి నేనే గాల్లో తేలినట్టు కనపడింది. చప్పట్లు ఆగలేదు."

"అప్పటికి మీకు పెళ్లయిందా అమ్మమ్మా?"

"పెళ్లా! అంతకుముందు నాతో నాలుగు ముక్కలు మాట్లాడి ఎరగరు. పదకొండు షోలు ఎత్తారు. పదకొండోసారి నేనే చెవిలో అడిగా, దించుతారా, జన్మంతా ఇలాగే ఎత్తుకుని ఉంటారా అని."

"మరి ఏమన్నారు?" అన్‌డూ ఆత్రంగా ముందుకి వంగాడు.

"ఆయనేం అంటారు, కౌంట్ తప్పారు!"

ఇల్లంతా నవ్వులే. తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి. డెబ్భై ఎనిమిదేళ్ల చెవులు.

"చూసేవాళ్లకి నేను కనపడలేదు," అన్నాడాయన మెల్లగా. "కనపడనివాణ్ణి రాయడం ఎందుకని వదిలేశా. రాసేవాడు తనని తాను రాసుకోకూడదు."

"మరి ఆ వంపు గీత?"

"అబద్ధం కూడా రాయకూడదు కదమ్మా."

పెన్సిల్‌కి కళ్లు చెమర్చాయి. నలభై మూడేళ్లు ఆ గీత కొస కాగితం అంచు పట్టుకుని ఒంటరిగా వేలాడుతూ ఉంది. స్టోర్‌రూమ్ సంగతి అప్పుడు చెప్పింది. తాతయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. "రేపు నేనూ వస్తాను" అన్నాడు.

*

శుక్రవారం హాలు కిటకిటలాడింది. అన్‌డూ కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఒక మనిషిని మాత్రమే ఆడించగల సాఫ్ట్‌వేర్‌కి రాత్రంతా మేలుకుని రెండో మనిషిని ఆడించడం నేర్పి వచ్చాడు. మొట్టమొదట మైకు తీసుకుని, "మంగళవారం నేను బుక్కు తప్పన్నాను. తప్పు నా సాఫ్ట్‌వేర్‌ది. మార్జిన్ కత్తిరించేసింది," అన్నాడు. ఆ తర్వాత గోడ మీద గుండు చివరి వరసకి వచ్చాడు. వెనక నుంచి నల్లగుండు ఒకడు వచ్చి నడుం పట్టి ఎత్తాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. డాన్సర్లు ఈలలు వేశారు.

మేడమ్ చేతులు కట్టుకుని చూసింది. "బొమ్మకి బరువుండదు. మనిషిని మనిషి ఎత్తాలి, ఎత్తినవాడు కనపడకూడదు. చూపించండి."

ట్రూపులో పొడుగాటి డాన్సర్ ముందుకొచ్చాడు. నల్లచొక్కా తొడుక్కుని, ఈ నాట్యంలో హీరోయిన్‌గా ఆడే అమ్మాయిని ఎత్తాడు. బ్రహ్మాండంగా ఎత్తాడు. కానీ ఛాతీ విరుచుకుని, గడ్డం పైకెత్తి, మొహాన ఒక చిరునవ్వు పెట్టాడు. నల్లచొక్కా వేసుకున్నా లైటంతా వాడి మీదే పడ్డట్టుంది. రెండోవాడు వచ్చాడు. వాడు ఒక కాలు వెనక్కి చాచి మరీ నిలబడ్డాడు.

"వీళ్లు అందంగా ఎత్తుతున్నారు," అన్నాడు తాతయ్య తన పాత స్టూలు మీంచి. "అందుకే కనపడుతున్నారు. పట్టుకున్న మనిషిని తప్ప ఇంకేమీ పట్టించుకోనివాడు కావాలి." ఆయన వేలు గది మూలకి చూపించింది. "ఆ అబ్బాయిని పిలవండి. వానలో పుస్తకానికి గొడుగు పట్టినవాణ్ణి."

అన్‌డూ వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఎవరైనా ఉన్నారేమోనని. గోడ ఉంది.

"నన్ను మాత్రం ఎత్తనివ్వను బాబోయ్," అంది హీరోయిన్ రెండడుగులు వెనక్కి వేసి. "చెత్తబుట్టలో కాలు పెట్టే మనిషట! నా నడుం విరిగితే షో ఎవరు చేస్తారు?"

చెత్తబుట్ట కథ ట్రూపంతా టముకు వేసింది ఎవరో మనం వేరే చెప్పుకోనక్కర్లేదు. ఆ మనిషే ఇప్పుడు ముడిలోంచి పెన్సిల్ తీసి తాతయ్య చేతికిచ్చి హాలు మధ్యలోకి నడిచింది.

"నేను ఉంటాను," అంది.

అన్‌డూ ఆమె వెనక నిలబడ్డాడు. అతని ఊపిరి ఆమె మెడకి తెలుస్తోంది.

"భయంగా ఉంది," అన్నాడు గుసగుసగా.

"నాకూ. పడేస్తారా?"

"ప్రాణం పోయినా పడెయ్యను."

"అయితే మూడు లెక్కపెట్టి ఎత్తండి."

సంగీతం మొదలైంది. నేల ఆమె పాదాల కింద నుంచి వెళ్లిపోయింది. ఆమె చేతులు చాచింది. ఒకటి, అని హాలంతా లెక్కపెడుతోంది. రెండు. అతని చేతులు వణకడం లేదు. మూడు. కిటికీలు, కప్పు, అమ్మమ్మ మొహం, అన్నీ కొత్తగా కనిపిస్తున్నాయి. నాలుగు. తన జీవితంలో ఇంత ఎత్తునుంచి ఈ హాలుని ఎన్నడూ చూడలేదు. ఐదు. ఆరు. ఏడు.

"దించరా?" అంది నవ్వు దాచుకుంటూ.

"పేజీలో దించమని లేదు!"

అమ్మమ్మ పకపకా నవ్వింది. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మేడమ్ మాత్రం తాతయ్య దగ్గరికి వెళ్లి, స్టూలు ముందు వంగి, ఏదో చెప్పింది. అందరికీ వినపడినవి ఆఖరి మాటలు మాత్రమే. "స్టోర్‌రూమ్ ఖాళీ చేయిస్తాను. అందులో ఈ పుస్తకాలకి అల్మరాలు పెట్టించాలి. రెండొందల పన్నెండూ ఆ అబ్బాయి వరసగా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తాడు. మీరు పక్కనుండి చూసుకోవాలి."

తాతయ్య తల ఊపాడు. నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని, మనవరాలి పెన్సిల్‌తో మార్జిన్లో రెండు పాదాల గడి గీశాడు. గీత కొసని దానికి కలిపాడు. నలభై మూడేళ్లకి తనని తాను రాసుకున్నాడు. అమ్మమ్మ పక్కన నిలబడి, "పాదాలు మరీ పెద్దవి గీశారు," అంది. అంటూనే కళ్లు తుడుచుకుంది.

*

అందరూ టీలకి బయటికి వెళ్లారు. బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి. హాల్లో ప్రొజెక్టర్ ఇంకా వెలుగుతోంది.

"మీకొకటి చూపించాలి," అన్నాడు అన్‌డూ. "నలభై ఒకటో పేజీ."

"నలభయ్యే కదా ఉన్నాయి?"

"ఇది నేను రాశాను."

గోడ మీద కొత్త పేజీ వచ్చింది. పక్కపక్కన రెండు నిలువు గడులు. ఎడమ వైపు దాని కింద పెన్సిల్ బొమ్మ. కుడి వైపు దాని కింద చెత్తబుట్ట బొమ్మ. రెండిట్లోనూ పాదాల గడి కింది నుంచి పైదాకా ఖాళీ. ఒక్క గుర్తు లేదు.

"సున్నాలు మర్చిపోయారు," అంది.

"మర్చిపోలేదు. మంగళవారం నుంచి నా పరిస్థితి ఇదే. నేల తెలీడం లేదు. ఎక్కడ దిగాలో నాకు రాయడం రాదు." ఇక దాచుకోలేక అనేశాడు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం. నీ పేజీలో ఏముందో నాకు తెలీదు. కాబట్టి నువ్వే రాయి."

'మీరు' ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు.

పెన్సిల్ చెయ్యి అలవాటుగా ముడి దగ్గరికి వెళ్లింది. అక్కడ పెన్సిల్ లేదు, తాతయ్య దగ్గరుంది. నవ్వి, మౌస్ అందుకుంది. "తప్పు పెడితే? అన్‌డూ చేసుకోవచ్చా?"

"ఈ ఫైల్లో అన్‌డూ తీసేశాను."

"అన్‌డూ లేని అన్‌డూ ఏం చేసుకోను?"

"ఉంచుకో."

ఆమె ఎడమ గడిలో ఒక చిన్న సున్నా పెట్టింది. దాని పక్కనే, అదే వరసలో, కుడి గడిలో ఇంకొకటి. రెండోది కొంచెం వంకరగా వచ్చింది. అయినా సరిచెయ్యలేదు.

గుమ్మం దగ్గర దగ్గు వినపడింది. అమ్మమ్మ రెండు టీ కప్పులతో నిలబడి ఉంది. వెనక తాతయ్య.

"ఏమంటున్నాడే అబ్బాయి? దించాడా, ఇంకా ఎత్తుకునే ఉన్నాడా?"

"ఇప్పుడే దిగుతున్నాం అమ్మమ్మా!"

"దిగండి, దిగండి. దిగి ఆదివారం భోజనానికి వాళ్లమ్మనీ నాన్ననీ తీసుకురమ్మను. మీ తాతయ్యలా పదకొండు షోలు ఆగకండి," అని కప్పులు బల్ల మీద పెట్టి, తాతయ్య మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కుపోయింది. పోతూ పోతూ ఆయన అన్‌డూ భుజం తట్టాడు. ఒకసారి కాదు, కౌంట్ చేసినట్టు నాలుగుసార్లు.

అన్‌డూ ప్లే నొక్కాడు.

గోడ మీద గుండు గాల్లోంచి దిగాడు. పక్కనే ఇంకో గుండూ దిగాడు. ఇద్దరూ నేల మీద నిలబడ్డారు.